పై లైనుకి ఎక్కని నీళ్లు

మొన్నామధ్య మా పాత పంప్‌హౌస్ వైపు వెళ్లాను. రిటైరైన వాడికి తనతో అవసరం లేని చోటికి వెళ్లి కూర్చోవడమే ఉద్యోగం. కొత్తగా చేరిన ఆపరేటర్లిద్దరూ మర్యాదగా కుర్చీ వేశారు, టీ తెప్పించారు. వాళ్లలో ఒకాయన జేబులోంచి ఫోన్ తీసి, కూర్చున్న చోటు నుంచే పైపులో ప్రెషర్ ఎంత ఉందో చూపించాడు. మా రోజుల్లో గేజి అద్దం మీద వేలితో రెండు దెబ్బలు వేస్తే గానీ సూది నిజం చెప్పేది కాదు.

"మీ సర్వీసులో పెద్ద ఘనకార్యం ఏదైనా చెప్పండి సార్" అన్నారు.

ఘనకార్యాలకేం లోటు! చాలానే చేశాను. అవన్నీ ఇంట్లో చెప్పీ చెప్పీ, ఇప్పుడు నేను నోరు తెరిస్తే మా ఆవిడ టీవీ సౌండు పెంచుతుంది. అందుకని మీకు ఘనకార్యం కాదు, ఒక వెధవ పని చెబుతాను. అది కూడా ఊరంతా మైకులో చాటించి మరీ చేసిన పని.

మల్కాపురం వెనక కొండ మీది కాలనీ మీకు తెలుసు. కింద ఒకటో లైను, దాని పైన రెండు, మూడు, అన్నిటికంటే ఎత్తున పై లైను. పై లైనులో ఇరవై పైచిలుకు ఇళ్లు, ఆ ఇళ్ల వెనక కొండగడ్డి. మధ్యలో నూట నలభై మెట్లు. ఆటో ఎక్కదు, నీళ్ల ట్యాంకరు ఎక్కదు, ఫైరింజను అసలే ఎక్కదు. కొండ అడుగున పంప్‌హౌస్, అందులో నేను. పొద్దున్నే ఆరింటికి పంపు వేస్తే ఒకే పైపులో నీళ్లు పైకి బయల్దేరతాయి. దారిలో ఉన్న ఇళ్లన్నీ పట్టుకోగా మిగిలినవి పై లైనుకి. ఆ మిగిలినవి ఎంతంటే, కుళాయి కింద బిందె పెట్టి స్నానం చేసి వచ్చినా సగం నిండేది కాదు.

కాలనీ కరెంటు తీగ కొండ భుజం మీదుగా వస్తుంది. ఎండలు ముదిరి పడమటి గాలి లేచిందంటే తీగలు ఒకదానికొకటి తగిలి నిప్పురవ్వలు రాలతాయి. అంతకుముందు ఏడాది అలాగే రాలి గడ్డి అంటుకుంది. పై లైనులో రెండిళ్లు పోయాయి. వాటిలో కొండకి ఆఖరున ఉన్న ఇల్లు ఒక చేపలమ్మిది. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి పోయి, వేలంలో సరుకు ఎత్తుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరిగి అమ్మే మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఆ ఇల్లే. తగలబడిపోయాక మళ్లీ తనే రేకులు మోయించుకుని, వెనక వంటసాలకి తాటాకు కప్పించుకుని నిలబెట్టుకుంది.

అందుకని ఆ వేసవిలో కరెంటాఫీసు వాళ్లొక నిర్ణయం తీసుకున్నారు. గాలి ఎక్కువగా వీస్తుందన్న రోజున ముందుగానే చెప్పి, పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా కొండ లైనుకి కరెంటు ఆపేస్తారు. తీగలో కరెంటు లేకపోతే నిప్పురవ్వ లేదు. మంచి ఆలోచనే. కాకపోతే మా పంపు కూడా ఆ తీగ మీదే బతుకుతోంది.

మా ఏఈ గారు కొత్తగా వచ్చిన కుర్ర ఇంజనీరు. చక్కగా యాక్షన్ ప్లాన్ రాశారు. ప్రతి ఇంట్లో ఒక డ్రమ్ము నీళ్లు తాగడానికి, ఇంకో డ్రమ్ము నిప్పుకి. గుమ్మం దగ్గర తడిపిన గోనె సంచులు. ఇంటి వెనక గడ్డి మూడు బారల దూరం చెక్కేయాలి. "జనానికి ఎవరు చెబుతారు?" అని అడిగారు. నేనుండగా ఇంకెవరు చెబుతారండీ? నా గొంతు మీద నాకు చిన్నప్పటి నుంచీ గొప్ప నమ్మకం.

ముందురోజు సాయంత్రం ఆటోకి మైకు కట్టించుకుని కాలనీ కింద తిరిగాను. పైకి ఆటో ఎక్కదు గనక మైకు మెడలో వేసుకుని మెట్లెక్కాను. "అమ్మలారా, అయ్యలారా! రేపు పదింటికి కరెంటు పోతుంది! పొద్దున్న రెండు గంటలు కాదు, నాలుగు గంటలు నీళ్లు వదులుతాం! ఉన్న గిన్నెలన్నీ నింపుకోండి! ఒక్క చుక్క తక్కువ పెట్టుకోవద్దు!" ఆ ఆఖరి మాట ఏఈ గారి ప్లానులో లేదు. ఊపు మీద నేనే కలిపాను.

లైన్‌మన్ కింద స్తంభానికి ఆనుకుని నవ్వుతూ నిలబడ్డాడు. ఆయన కరెంటాఫీసు, నేను నీళ్లాఫీసు. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు, అయినా ఆయన నాకు బావ, నేనాయనకి బావ.

"ఏటి బావా, ఎలక్సన్లో నిలబడతన్నావేటి?" అన్నాడు.

"నీ కరెంటు కోసమే కదరా నా గొంతు పోయింది" అన్నాను.

మర్నాడు అన్న ప్రకారం ఆరింటికే పంపు వేశాను. రోజూ పంపు వేసిన కాసేపటికి గేజి సూది లేచి నిలబడుతుంది. ఆ రోజు లేవలేదు. అడుగున పడుకుని అలాగే ఉండిపోయింది. అద్దం మీద వేలితో కొట్టాను. కదల్లేదు. నాకు అప్పుడేం తోచిందో తెలుసా? "ఆహా, జనం ఎంత శ్రద్ధగా పట్టుకుంటున్నారు!" అని మురిసిపోయి ఇంకో టీ తెప్పించుకున్నాను. ముప్పై మూడేళ్ల సర్వీసు అండీ. బుర్ర ఉండవలసిన చోట టీ ఉంది.

పదింటికి కరెంటు పోయింది. పంపు ఆగింది. అప్పటికే గాలి మొదలైంది.

పదిన్నరకి చేపలమ్మి వచ్చింది. ఒక చేతిలో ఖాళీ తట్ట, ఇంకో చేతిలో ఖాళీ బిందె. బిందెని నా టేబుల్ మీద, రిజిస్టరు పక్కనే పెట్టింది.

"మైకులో బాగానే అరిసినావు. నీల్లేవి?"

"నాలుగు గంటలు వదిలాను కదమ్మా!"

"వదిలినావు. మా లైనుకి సుక్క రానేదు. పక్కింటామె తెల్లారి నుంచి కుళాయి కాడే కూకుందట. ముందు గాలి వొచ్చింది, మరింక గాలీ రానేదు."

నాకు నమ్మబుద్ధి కాలేదు. పైకెక్కి చూశాను. నిజమే. ఇరవై పైచిలుకు ఇళ్లలో ఒక్క డ్రమ్ములో నీళ్లు లేవు. గుమ్మాల దగ్గర గోనె సంచులు మాత్రం నేను చెప్పినట్టే బుద్ధిగా మడతపెట్టి ఉన్నాయి, ఎండు సంచులు. ఇళ్ల వెనక గడ్డి గాలికి అటూ ఇటూ పడుతోంది. కొంత చెక్కారు గానీ కొండంతా ఎవరు చెక్కగలరు?

సంగతి అప్పుడు బుర్రకెక్కింది. ఆ కాలనీలో కింది లైన్ల వాళ్లు చాలామంది కుళాయికి అర హార్స్‌పవర్ మోటారు బిగించుకున్నారు. తప్పు పని. పైపులో నీళ్లు పైకి పోకుండా మధ్యలోనే లాగేసుకుంటుంది. ఎవరైనా తనిఖీకి వస్తే మోటారు మీద బుట్ట బోర్లించేస్తారు. ఒకసారి ఒకావిడ "కోడి పొదుగుతోందండీ" అంది. బుట్ట కింద కోడి గుర్రుమని తిరుగుతోంది! నేను నవ్వుకుని వచ్చేశాను. మామూలు రోజుల్లో వాళ్లు వేళకొకరు వేసుకుంటారు గనక పైకి ఎంతోకొంత చేరేది. ఇప్పుడు "ఒక్క చుక్క తక్కువ పెట్టుకోవద్దు" అని మైకులో నేనే అరిచాను కదా! అందరూ ఒక్కసారే వేశారు. అది సామాన్యమైన తప్పు కాదు. ఆ రోజు పై లైనుని ఎండబెట్టింది గాలీ కాదు, కరెంటూ కాదు. నా గొంతు.

గబగబా దిగి లైన్‌మన్‌ని పట్టుకున్నాను. చేపలమ్మి నా వెనకే దిగింది.

"బావా, ఒక్క అరగంట కరెంటియ్యి. పై లైనుకి నీళ్లు ఎక్కించేసి ఆపేస్తాను."

"ఓరి బాబో! నా వల్ల కాదు."

"అరగంటే కదా!"

"రవ్వ రాలడానికి అరగంట కావాలేటి బావా? తీగలు సూడు, ఎలగ ఉయ్యాలూగుతన్నాయో. ఇప్పుడు నాను సిచ్చేసినాననుకో. గడ్డంటుకుందనుకో. మొట్టమొదట ఎవులిల్లు పోతాది?"

"నాదే" అంది చేపలమ్మి.

ఒక ఏడాది తీగ వల్ల ఇల్లు పోగొట్టుకున్న మనిషి, ఈ ఏడాది నా వల్ల పోగొట్టుకునేలా ఉంది. మళ్లీ మైకు మెడలో వేసుకున్నాను.

"అమ్మలారా, అయ్యలారా! పై లైనుకి నీళ్లు అందలేదు! తప్పు నాదే! మీ దగ్గర ఉన్న వాటిలో తలా రెండు బిందెలు పైకి చేర్చండి!"

నిన్నటి నా గొంతుకి కాలనీ మొత్తం కదిలింది. ఈరోజు ఒక్క తలుపు తెరుచుకోలేదు. కిటికీలోంచి ఒకాయన "మా నీల్లు మేవు పట్టుకున్నాం" అన్నాడు. ఇంకొకావిడ "మల్లీ కరెంటు ఎప్పుడొత్తాదో ఏటో, మాకొద్దేటి?" అంది. ఆవిణ్ణి మాత్రం ఏమంటాం? దాచుకోమని చెప్పిందే నేను. అప్పుడు ఒకటో లైను అరుగు మీద నుంచి ఒక పోర్టు కళాసీ గట్టిగా కేకేశాడు. "బావా! ముందు మీ ఇంట్లో కోడి ఎన్ని గుడ్లు పెట్టిందో సెప్పు! మరి మేవూ ఎత్తుతాం!"

వీధంతా నవ్వింది. నేను నవ్వలేదు.

అసలు సంగతి మీకు చెప్పలేదు కదూ. మా ఇల్లు ఒకటో లైనులోనే. మా ఇంట్లోనూ ఒక మోటారు ఉంది. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు, బిందెలు ఎత్తలేదు, అని నాకు నేను చెప్పుకుని పెట్టించాను. నీళ్ల డిపార్ట్‌మెంటు వాడి ఇంట్లో మోటారు ఉండగా పక్కింటి కోడిని ఏ ముఖం పెట్టుకుని పట్టుకుంటాను? అందుకే అన్నేళ్లూ అన్ని బుట్టలూ చూసి నవ్వుకుని వచ్చేశాను. అర్థమైంది కదా.

ఇంటికి వెళ్లాను. వెళ్లి చూస్తే ఏముంది! రెండు డ్రమ్ములు, గాబు, ఆరు బిందెలు, కుక్కరు, ఇడ్లీ పాత్ర, పచ్చడి జాడీ, ఆఖరికి నా టిఫిన్ క్యారేజీ నాలుగు గిన్నెలూ నీళ్లతో నిండి, మీద మూతలు కూడా పెట్టి ఉన్నాయి. పెళ్లికి వచ్చిన చుట్టాల్లా ఇల్లంతా కూర్చున్నాయి. కాలు పెట్టడానికి చోటు లేదు.

"ఇదేమిటే?" అన్నాను.

"మీరే గదా సెప్పినారు, ఒక్క సుక్క తక్కువ పెట్టుకోవద్దని! అంత గొంతుతో ఇంట్లో నాతో ఎప్పుడూ మాట్లాడనేదు. అందుకని సెప్పినట్టే సేసినాను" అంది మా ఆవిడ. మూడు గంటల పాటు మోటారు ఆపలేదట. అంతగా మాట విన్న భార్యని అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

ఒక బిందె భుజానికెత్తాను. నాకప్పటికి యాభై ఎనిమిదేళ్లు, పొట్ట సంగతి వేరే చెప్పక్కర్లేదు. నలభయ్యో మెట్టు దగ్గర కాలు జారి బిందెతో సహా కూలబడ్డాను. నీళ్లు నా మీద నుంచి మెట్ల మీదుగా మళ్లీ ఒకటో లైనుకే పోయాయి. కళాసీ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు ఆగాక అరుగు దిగి, లుంగీ పైకి మడిచి, తన ఇంట్లోంచి రెండు బిందెలు తెచ్చాడు. "లెగు బావా. నువ్వే పైపువైతే మా బతుకు సల్లగున్నట్టే" అన్నాడు.

అంతే. మనవాళ్ల సంగతి మీకు తెలియనిదేముంది. మైకులో అరిస్తే కదలరు గానీ, పక్కవాడు మోస్తుంటే చూస్తూ ఊరుకోలేరు. తలుపులు ఒకటొకటిగా తెరుచుకున్నాయి. నా క్యారేజీ గిన్నెలతో సహా మా ఆవిడ గుమ్మం దాకా అందించింది. పది మెట్లకొక మనిషి నిలబడి చేయి మార్చుకుంటూ పంపాం. లైన్‌మన్ కూడా చొక్కా విప్పి నిలబడ్డాడు. "కరెంటు డిపార్టుమెంటు నీల్లు మోత్తంది, రాసుకో బావా" అని ప్రతి బిందెకీ నన్ను దెప్పుతూనే ఉన్నాడు. రెండయ్యేసరికి పై లైనులో ప్రతి ఇంటి వెనకా ఒక డ్రమ్ము నిండింది. గోనె సంచులు తడిశాయి. చేపలమ్మి తన వాటా నీళ్లలో ఒక చెంబు కూడా ముట్టుకోలేదు. చేపల వాసనతోనే, అదే చీరతో, డ్రమ్ము పక్కన కూర్చుంది.

మూడు దాటాక కొండ అవతలి వైపు పొగ లేచింది. తీగలో కరెంటు లేదు. ఎవడి చుట్టో, ఎవడి బీడీయో, ఇప్పటికీ తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను, ఒక కారణాన్ని ఆపేశాం కదా అని నిప్పు మన కోసం ఆగదు. గాలికి మంట శిఖరం దాటి మా వైపు దిగింది. కొండగడ్డి కాలే చప్పుడు ఎప్పుడైనా విన్నారా? వినకపోతేనే మంచిది. ఫైరింజను వచ్చింది, మెట్ల కింద నిలబడింది. దాని గొట్టం మూడో లైను దాకా వచ్చి ఆగిపోయింది.

ఆఖరి ఇంటి దగ్గర మేము పదిహేను మందిమి ఉన్నాం. తడి సంచులతో గడ్డిని కొట్టడం, బిందెలతో తాటాకు కప్పు తడపడం, మళ్లీ సంచులు ముంచడం. నేను భయపడలేదని చెప్పుకోను. చాలా భయపడ్డాను. ఒకసారి తాటాకు అంచు అంటుకుంది. చేపలమ్మి నిచ్చెనెక్కి తన చేపల తట్టతోనే నీళ్లు విసిరింది. తట్టలో నీళ్లు నిలవవు గదా, సగం నా నెత్తి మీదే పడ్డాయి. మిగిలిన సగం సరిపోయాయి. అంచు ఆరిపోయింది. చెక్కిన గడ్డి దగ్గరికి వచ్చాక మంటకి తినడానికి ఏమీ దొరకలేదు. ఇంటి వెనక గోడ నల్లబడింది. ఇల్లు నిలబడింది. డ్రమ్ములన్నీ అడుగంటాయి.

మీరు రికార్డులు తిరగేస్తే, మర్నాడు నేను ముందు మా ఇంటి మోటారు, తర్వాత ఆ కాలనీలో మోటార్లన్నీ విప్పించినట్టు ఉంటుంది. దాని మీద మా వీధిలో జరిగిన గొడవ, మా ఆవిడ నాలుగు రోజులు నాతో మాట్లాడకపోవడం రికార్డులో ఉండవు. మంట వల్ల బుద్ధొచ్చి విప్పించానని అందరూ అనుకున్నారు. ఏఈ గారు మెచ్చుకున్నారు కూడా. కారణం మంట కాదు.

మంట ఆరిన ఆ సాయంత్రమే గాలి పడిపోయింది. లైన్‌మన్ తీగలన్నీ చూసుకుని ఆరింటికి ముందు పంప్‌హౌస్‌కి కరెంటిచ్చాడు. కాలనీ ఇళ్లకి వేరే ట్రాన్స్‌ఫార్మర్. మంట దాని పక్కనుంచి పోయింది గనక, దాన్ని పరీక్ష చేయడానికి ఇంకో గంట పడుతుందన్నాడు. అంటే పంపు తిరుగుతోంది, ఇళ్లలో మాత్రం కరెంటు లేదు. ఒక్క మోటారు కూడా తిరగడానికి లేదు. ఇది ఎవరూ అనుకుని చేసింది కాదు. అలా కుదిరింది, అంతే.

పంపు వేశాను. గేజి సూది లేచి నిటారుగా నిలబడింది. అంత ఎత్తున దాన్ని ఎన్నేళ్లుగానో చూడలేదు. గేజి చెడిపోయిందేమోనని అద్దం మీద కొట్టాను. చెడిపోలేదు. నాకెందుకో కాళ్లు ఆగలేదు, మెట్లెక్కి పైకి పోయాను.

పై లైనులో ఆఖరి కుళాయి దగ్గర చేపలమ్మి నిలబడి ఉంది. మొహం నిండా మసి. కుళాయిలోంచి నీళ్లు ధారగా దూకుతున్నాయి. బిందె నిండి, పొర్లి, ఆమె కాళ్ల మీద పడుతున్నాయి. ఆమె కుళాయి కట్టడం మరిచిపోయింది. నన్ను చూసింది. కోపం లేదు. కోపంగా ఉంటే బాగుండేది. ఆ లైను వాళ్లు ఎప్పుడు నీళ్లు రావడం లేదని వచ్చినా నేను చెప్పే జవాబు ఒకటే. "కొండ ఎత్తు కదమ్మా, నీళ్లు ఎక్కలేవు. నేనేం చేయను?" ఆమెకే ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ఆమె నమ్మింది. నేను కూడా నమ్మినట్టే బతికాను.

ఆమె దోసిలి పట్టి మొహం కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. కొంచెం నవ్వింది కూడా.

"ఇన్నాల్లూ కొండెత్తు, కొండెత్తు అని సెప్పినావు గదా బాబూ" అంది. "మరి ఇయ్యాల కొండేటి, పొట్టిదయిపోనాదా?"